నా గొంతు పదింటికి వస్తుంది

మార్చి 4

ఆస్పత్రి నుంచి వచ్చి ఐదు రోజులైంది. మెడ మీద కుట్లు ఎండాయి. గొంతు ఇంకా రాలేదు. ఇంటికెళ్ళాక పది రోజుల్లో వస్తుందని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి ఇంకా ఐదు రోజులుంది. తొందరేమీ లేదు.

స్టూడియోలో నేను చదువుతున్న ఆడియో పుస్తకం పన్నెండో అధ్యాయం దగ్గర ఆగి ఉంది. గనిలో మనిషిని పదకొండో అధ్యాయం చివర రాతి మీది చెమ్మ నాకుతుండగా వదిలేసి ఆపరేషన్‌కి వెళ్ళాను. పైకప్పు కూలి అప్పటికి అతనికి తొమ్మిది రోజులు. ఇంకో మూడు అధ్యాయాలు చదివితే బయటపడతాడు. తన కథ తనే రాసుకున్నాడంటే బతికే ఉంటాడు కదా, ఆ సంగతి వినేవాళ్ళలో ఒక్కరికీ తట్టినట్టు లేదు. వారానికి ఒక అధ్యాయం చొప్పున వదులుతున్నారు. ఈ వారం వదల్లేదు. మనిషి అక్కడే ఉన్నాడు.

ఇలాంటివి ఇప్పటికి పంతొమ్మిది చదివాను. పడవ మునిగినవాడు, మంచులో దారి తప్పినవాడు, రెండు కాళ్ళూ పోయాక కొండెక్కినావిడ. అందరూ నా గొంతులోనే చావు తప్పించుకున్నారు. ఒక్కరు కూడా పోలేదు. అంత పని చేసిన గొంతు పది రోజులు సెలవు పెడితే తప్పేముంది?

అత్తగారికి ఇంకా తెలియదు. మా ఆయన పోయిన ఈ ఆరేళ్ళుగా ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆవిడకు ఎడమ చెవి వినపడదు, కుడి చెవి దగ్గర గట్టిగా అరిస్తే కొంత వినపడుతుంది. పొద్దస్తమానం హెడ్‌ఫోన్లు తగిలించుకుని, సౌండు చివరిదాకా పెంచి నా పుస్తకాలే వింటుంది. వంటింట్లోకి కూడా వినపడుతుంటాను. ఆవిడ లెక్కన నేను రోజంతా మాట్లాడుతూనే ఉన్నాను.

మార్చి 7

అత్తగారికి తెలిసింది. పొద్దున హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి నా మొహంలోకి చూసింది.

"వారం నుంచి నన్ను ఒక్క మాటా అనలేదేంటే? ఒంట్లో బాగాలేదా?"

మెడ మీది కట్టు చూపించాను.

"అది తెలుసులే. ఆపరేషన్ అయితే మాత్రం, తిట్టకూడదన్నారా?"

పలక తెచ్చి రాశాను: గొంతు పోయింది. రెండు రోజుల్లో వస్తుంది.

భూతద్దం తెచ్చుకుని "గొం... తు..." అని ఆవిడ కూడబలుక్కునేలోగా పొయ్యి మీద పాలు పొంగాయి. నేను అటు పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి పలక అరచేత్తో తుడిచేసి ఉంది.

"కళ్ళు లాగుతున్నాయే. మిగతాది రేపు చదువుతా."

సాయంత్రం దాకా "గొంతుకేమైందే? గొంతుకేమైందే?" అని వీధికంతా వినపడేలా అడుగుతూనే ఉంది.

మార్చి 9

పదో రోజు. సాయంత్రం వరకు చూశాను.

మార్చి 10

ఇంటికి వచ్చిన రోజు లెక్కలోకి రాదేమో. అలాగైతే ఇవాళ పదో రోజు.

మార్చి 13

ఆస్పత్రిలో నంబర్లు పిలిచేది కూడా నా గొంతే. పదేళ్ళ కిందట చదివిచ్చాను. "నలభై ఆరో నంబరు మూడో గదికి రండి. మిగతావారు దయచేసి ఓపిక పట్టండి." నాది యాభై రెండు. గంటన్నర సేపు ఓపిక పట్టమని నాకు నేనే చెప్పుకున్నాను. పక్క కుర్చీలో ఆయన విసుగెత్తి, "ఈవిడ నోరు పడిపోను!" అన్నాడు. పడిపోయిందండీ అని రాసి చూపిద్దామనుకున్నాను. పలక సంచిలో అడుగున ఉండిపోయింది.

డాక్టరమ్మ సన్నటి గొట్టంతో లోపలికి చూసింది.

"ఒక పక్క నరం అలిగిందమ్మా. తెగలేదులెండి. మూడు నెలల్లో లేవచ్చు, ఆర్నెల్లు పట్టచ్చు, ఏడాదైనా పట్టచ్చు."

అప్పటికీ లేవకపోతే? అని రాశాను.

"అప్పుడిక లేవదు. ధైర్యంగా ఉండాలి మరి."

గ్లాసులో నీళ్ళు పోసుకుని, గొట్టంతో బుడగలు ఊదుతూ "ఊ" అనే ప్రయత్నం చెయ్యాలట, రోజుకు ఆరుసార్లు. లేవబోతుంటే ఫోను ఇమ్మని అడిగింది.

"ఇదొకటి మీ ఫోనులో పెడతాను, వినండి. మంచులో దారి తప్పిన అతని కథ. నా పేషంట్లందరికీ ఇస్తాను. చదివినావిడ గొంతులో ఏదో శక్తి ఉందమ్మా, పడుకున్నవాళ్ళు లేచి కూర్చుంటారు."

రాశాను: అది నేనే.

డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. "అదీ! అలాగే అనుకోవాలి. ఆవిడ వేరు, నేను వేరు అనుకోకూడదు."

నాకేమీ కోపం రాలేదు. ఇంటికొచ్చి అరగంట బుడగలు ఊదాను. సగం నీళ్ళు బల్ల మీదికి వచ్చాయి. ఒక్క "ఊ" కూడా రాలేదు.

మార్చి 16

బుడగలు.

మార్చి 20

స్టూడియో యజమాని వచ్చాడు. వెంట ఒక భారీ మనిషిని తెచ్చాడు. యాభై దాటినవాడు, పెదవి కనిపించకుండా మీసం.

"గనిలో మనిషిని మూడు వారాలుగా చీకట్లో కూర్చోబెట్టాం తల్లీ. జనం ఫోన్లు చేసి ఏడుస్తున్నారు. ఒకావిడైతే పైకప్పు మనమే కూల్చినట్టు తిడుతోంది."

వేరే ఎవరితోనైనా చదివించండి, అని రాశాను.

"పదకొండు అధ్యాయాలు ఒక గొంతు, పన్నెండు నుంచి ఇంకో గొంతా? లోపల మనిషి మారిపోయాడనుకోరూ?"

"మీకు అభ్యంతరం లేకపోతే నేను ప్రయత్నిస్తానండీ," అంది నా గొంతు.

వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. మళ్ళీ ముందుకు తిరిగేసరికి మీసం కింద ఒక నవ్వు కనిపించింది.

ఆయన మిమిక్రీ చేస్తాడట. పెళ్ళి విందుల్లో పక్షులు, రైళ్ళు, ఉబ్బసం ఉన్న ముసలాయన. పదకొండు అధ్యాయాలు విని, అద్దం ముందు కూర్చుని నన్ను నేర్చుకున్నాడు.

"బొమ్మ వచ్చింది మేడమ్, ప్రాణం రావాలి. రోజూ కాసేపు మీ ఎదురుగా కూర్చుంటే అదీ పట్టేస్తాను."

మాట్లాడలేని మనిషి ఎదురుగా కూర్చుని ఏం పడతాడో నాకర్థం కాలేదు. అయినా సరేనన్నాను. గనిలో మనిషి కోసమే. అంతకు మించి ఏమీ లేదు.

మార్చి 24

మిమిక్రీ ఆయన సరిగ్గా పదింటికి వస్తున్నాడు. నా ఎదురుగా కూర్చుని నన్ను చదువుతాడు. నేను పలక మీద తప్పులు రాస్తాను.

ఇవాళ తప్పులు ఆయనే చెప్పాడు.

"కొత్త పేరా మొదలుపెట్టే ముందు చిన్న నిట్టూర్పు వదులుతారు మేడమ్."

వదలను, అని రాశాను.

రికార్డింగు పెట్టి వినిపించాడు. వదులుతాను. పంతొమ్మిది పుస్తకాలుగా వదులుతున్నాను. ఎవరూ చెప్పలేదు.

"ఇంకోటి. ధైర్యం అన్న మాట వచ్చినప్పుడల్లా గొంతు పెంచుతారు. ఎదుటివాళ్ళు వినడం లేదేమో అన్నట్టు."

ఇంట్లో చెవుడు ఉంది, ఆ అలవాటు, అని రాశాను. ఆయన ఒప్పుకున్నాడు. ఆ పుస్తకాల్లో సగం అత్తగారికి చెవుడు రాకముందే చదివినవని నాకు తర్వాత గుర్తొచ్చింది.

మార్చి 28

గంట మోగినా అత్తగారికి వినపడదు. అందుకని పదవుతుండగానే కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఇవాళ కేక వేసింది.

"అమ్మాయ్, నీ గొంతు వచ్చింది, తలుపు తియ్యి!"

ఏప్రిల్ 2

మిమిక్రీ ఆయనది వేదికలెక్కి రాటుదేలిన గొంతు. అత్తగారి కుడి చెవిలోకి నేరుగా దిగుతుంది. నాకొక ఆలోచన వచ్చింది. నెల రోజులుగా లోపల దాచుకున్నవన్నీ ఉన్నాయి. పలక మీద రాశాను: మీరు మాత్రలు మింగడం లేదు. మొక్క కుండీలో గుచ్చుతున్నారు. నేను చూశాను.

ఆయన అత్తగారి చెవి దగ్గరికి వంగి, నా గొంతుతో, నా నిట్టూర్పుతో సహా చెప్పాడు. ఆవిడ ముందు ఆయన మీసం వైపు, తర్వాత నా వైపు చూసింది. జవాబు మాత్రం ఆయనకే ఇచ్చింది.

"చేదుగా ఉంటాయే! నువ్వు మింగి చూడు తెలుస్తుంది."

రాశాను: చిన్నపిల్లల్లా చేస్తే ఎలా?

ఆయన చెప్పాడు: "చిన్నపిల్లల్లా చేస్తే ఎలా అత్తయ్యా? మీరు కూడా లేకపోతే నాకెవరున్నారు?"

రెండోది నేను రాయలేదు. పలక ఎత్తి చూపించాను. ఆయన చూడనట్టు కిటికీలోంచి బయటికి చూశాడు.

అత్తగారు కాసేపు అనుమానంగా చూసింది. "గొంతు దానిదే కానీ మాట దానిది కాదు," అంది. అని, మాత్ర అడిగి మింగింది.

ఏప్రిల్ 9

పలక పగలగొట్టాను. ఎందుకో రాస్తాను. రాయాల్సినంతవరకే.

పదిన్నరకు మేం ముగ్గురం బల్ల దగ్గర ఉన్నాం. అత్తగారు రోజూలాగే మిమిక్రీ ఆయన వైపు తిరిగి కూర్చుంది. అదీ ఇదీ మాట్లాడుతూ ఉన్నట్టుండి అడిగింది.

"ఇన్నేళ్ళూ అడగలేదు. ఇప్పుడు నీకు మాట మెత్తబడింది కాబట్టి అడుగుతున్నా. వాడు పోయిన రోజు నువ్వు రికార్డింగుకి ఎందుకెళ్ళావు?"

ఆయన నా పలక వైపు చూశాడు. పలక మీద ఏమీ లేదు. బలపం నా చేతిలోనే ఉంది. మా ఆయన పోయిన రోజు నేను స్టూడియోలో ఉన్నాను. అది అందరికీ తెలిసిందే. అంతకన్నా రాయాల్సిందేమీ లేదు.

అత్తగారు ఎదురుచూస్తోంది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"తప్పయింది అత్తయ్యా," అన్నాడు నా గొంతుతో. "ఉండాల్సింది. వెళ్ళకుండా ఉండాల్సింది. క్షమించండి."

అత్తగారు తలవంచుకుని ఏడ్చింది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని, "పోనీలే," అంది. ఆయన చెయ్యి.

ఏప్రిల్ 10

పదింటికి వచ్చాడు. తలుపు తెరిచి, లోపలికి రానివ్వకుండా కొత్త పలక చూపించాను: ఆ మాట నేను అనలేదు. ఎప్పటికీ అనను. మీరెవరు అనడానికి?

తన సొంత గొంతుతో జవాబిచ్చాడు. అది ఎలా ఉంటుందో మొదటిసారి విన్నాను. సన్నగా, కొంచెం నత్తిగా ఉంది.

"పలక ఖాళీగా ఉంది మేడమ్. పెద్దావిడ నా మొహంలోకి చూస్తున్నారు. గొంతు మీది, మొహం నాది. స్టేజీ మీద ఖాళీ వదలకూడదని నేర్చుకున్నవాణ్ణి. ఏం చెయ్యమంటారు?"

తలుపు వేశాను. కిటికీ దగ్గరి నుంచి అత్తగారు, "ఏంటే, నీ గొంతుని పంపించేశావు?" అని అరిచింది.

ఏప్రిల్ 17

పన్నెండు, పదమూడు అధ్యాయాలు వదిలారు. మా ఇంటికి రాకుండానే స్టూడియోలో చదివేశాడు. విన్నాను. తప్పు పట్టడానికే విన్నాను. ఒక్క తప్పూ దొరకలేదు.

విన్నవాళ్ళు రాసిన ఉత్తరాలు యజమాని పంపాడు. "అనారోగ్యం నుంచి కోలుకుని వచ్చిన మీ గొంతు మునుపటికన్నా బాగుంది. మీ పట్టుదలకు జోహార్లు." ఇలాంటివి నలభై దాకా ఉన్నాయి. నా పట్టుదల గురించి చదువుతూ బుడగలు ఊదాను.

అత్తగారు నాతో ఈ వారమంతా మెత్తగా ఉంటోంది. క్షమించిన మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది. భరించలేకపోతున్నాను.

ఏప్రిల్ 21

"ఊ" వచ్చింది. తుప్పు పట్టిన తలుపు తీసినట్టుంది. అయినా వచ్చింది. గ్లాసు తీసేసి అన్నాను, మళ్ళీ వచ్చింది. పక్కింటి కుక్క మొరిగింది.

ఏప్రిల్ 26

పదింటికి గంట మోగింది. మిమిక్రీ ఆయన. మెడకు ఉన్ని గుడ్డ, చేతిలో పలక.

రాసి చూపించాడు: వానలో ప్రోగ్రాం. గొంతు పోయింది. మీ దగ్గరికి రావాలంటే మొహం చెల్లలేదు. కానీ ఇంకెవరికి అర్థమవుతుంది?

లోపలికి రమ్మన్నాను. ఎదురెదురుగా కూర్చుని, ఊరికే పెదవులు ఆడిస్తూ రాసుకున్నాం. ఆయనకు బుడగలు ఊదడం నేర్పించాను. అత్తగారు మా ఇద్దరి మధ్యా కూర్చుని, పెదవులు చూసి చూసి, చివరికి హడలిపోయింది.

"నాకు పూర్తిగా చెవుడు వచ్చేసిందా ఏంటే?"

పద్నాలుగో అధ్యాయం ఈ వారమే వెళ్ళాలట. ఆయన రాశాడు: మీరే చదవాలి మేడమ్. నేను లేను.

వెళ్తూ వేదిక మీద వాడే తన సౌండు పెట్టె, మైకు మా ఇంట్లో వదిలాడు. సాధన చేసుకోమని.

ఏప్రిల్ 29

చదివాను. ముప్పై పేజీలకు ఐదు గంటలు పట్టింది. మూడు వాక్యాలకొకసారి నీళ్ళు. కీచుమనే చోట కీచుమంది, గాలి పోయిన చోట గాలి పోయింది. అద్దం అవతల సౌండు చూసే అతను మూడుసార్లు మైకు మార్చాడు. లోపం మైకులో లేదని తెలిసినా మర్యాద కోసం మార్చాడనుకుంటాను.

ఆ అధ్యాయంలో గనిలో మనిషి బయటికి వస్తాడు. అందరూ అతని ధైర్యం గురించి అడుగుతారు. అతను రాశాడు: "ధైర్యం కాదు. ఏడిస్తే ఒంట్లో నీళ్ళు వృథా అవుతాయని ఏడవలేదు. పైకి తీసి చెంబుడు నీళ్ళు ఇచ్చాక రెండు రోజులు ఆపకుండా ఏడ్చాను. అది ఎవరూ ఫొటో తియ్యలేదు."

ధైర్యం అన్న మాట దగ్గర గొంతు పెంచబోయాను. పెరగలేదు.

మే 4

ఉత్తరాలు వచ్చాయి. "చివరి అధ్యాయం చదివిన కొత్త మనిషి ఎవరు? మా పాత ఆవిడను అనుకరించాలని చూసింది కానీ కుదరలేదు. దయచేసి అసలు ఆవిడతో మళ్ళీ చదివించండి."

యజమాని ఫోను చేసి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు. అసలు ఆవిడకు ఇంకా జలుబు తగ్గలేదని చెప్పాను. నోటితోనే చెప్పాను. సగం అర్థమై ఉంటుంది.

మే 6

ఇవాళ మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారు అంది:

"ఆ రోజు క్షమించమన్నావు చూడు, అప్పటినుంచి నాకు మనసు తేలికైందే."

ఊరుకోవచ్చు. ఆరేళ్ళు ఊరుకున్నాను. ఆవిడకు తేలిగ్గా ఉందంటే ఇంకెందుకు? కానీ లేచి వెళ్ళి మిమిక్రీ ఆయన పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాను. అత్తగారి హెడ్‌ఫోన్ల తీగ దానికి గుచ్చాను. ఆవిడ తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, సౌండు చివరిదాకా పెంచి, మైకు పట్టుకున్నాను.

"అత్తయ్యా."

ఆవిడ అదిరిపడింది. "ఎవరే అది?"

"నేనే. ఇప్పుడు నా గొంతు ఇది."

చాలాసేపు నా నోటి వైపు చూసింది. "ఏంటే ఇలా తగలడింది?" అంది.

"క్షమించమని నేను అనలేదు. అది ఆయన సొంతంగా అన్నాడు."

మొహం ముడుచుకుంది. తీగ లాగేస్తుందేమోనని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆగి ఆగి, నీళ్ళు తాగి తాగి చెప్పాను. ఆ రోజు పొద్దున కూడా నేను మంచం పక్కన కూర్చుని మా ఆయనకు చదివి వినిపిస్తున్నాను. కొండెక్కినావిడ కథ. ధైర్యం వస్తుందని రోజూ చదివేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత నా చేతిలో పుస్తకం మూసేశారు.

"ఏమన్నారంటే..." గొంతు పోయింది. బుడగలు ఊదినట్టు "ఊ" అని మళ్ళీ రప్పించుకున్నాను. "వీళ్ళందర్నీ తీసుకుని బయటికి పో, అన్నారు. నాకు భయంగా ఉంది. నన్ను కాసేపు భయపడనివ్వు, అన్నారు."

ఇంకో గుక్క నీళ్ళు తాగాను.

"నాకు రోషం వచ్చింది. పోయాను. స్టూడియోకి వెళ్ళి ఆ పుస్తకమే చదివాను. కొండెక్కినావిడ శిఖరం మీదికి చేరింది. అప్పుడు ఫోను వచ్చింది."

చెప్పేశాను. ఆ గదిలో గోడ గడియారం చప్పుడు ఎంత పెద్దదో ఇన్నేళ్ళలో గమనించలేదు. అది అత్తగారికి వినపడదు కదా అని కూడా అనుకున్నాను. అలాంటప్పుడు ఏవేవో అనుకుంటాం.

"నన్నూ పొమ్మన్నాడే," అంది అత్తగారు.

అర్థం కాలేదు.

"నువ్వెళ్ళాక. వెళ్ళమ్మా, కాసేపు బయట కూర్చో, అన్నాడు. రెండుసార్లు అన్నాడు. అప్పటికి నాకు కుడి చెవి బాగానే పనిచేసేది. వినపడనట్టు కూర్చున్నా. వాడు ఇంకా గట్టిగా అందామని చూశాడు, ఓపిక లేక ఊరుకున్నాడు. తర్వాత భయపడ్డాడు. నా ముందే భయపడ్డాడు. నేను గోడ వైపు చూస్తూ, ఏమీ తెలియనట్టు వాడి కాళ్ళు నొక్కుతూ కూర్చున్నా."

ఆవిడ హెడ్‌ఫోన్లు రెండు చేతులతో చెవులకు అదుముకుంది.

"వాడు నిన్ను పొమ్మన్నది నాకు తెలియదే. పనికోసం వదిలేసి పోయావనుకున్నా. పొమ్మంటే పోయావా?"

తల ఊపాను.

"నువ్వు మాట విన్నావు. నేను వినలేదు. అంతే కదే తేడా?"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. జరుపుకోవాల్సిన పని లేదు, నేను ఎక్కడున్నా ఆ తీగలో ఒకేలా వినపడతాను.

"ఇంకోసారి చెప్పు. వాడేమన్నాడో. వాడి మాటలే చెప్పు."

చెప్పాను. భయపడనివ్వు అన్న చోట గొంతు చీలింది.

"మళ్ళీ."

మళ్ళీ చెప్పాను. నాలుగోసారికి మాట పూర్తిగా పోయి గాలి ఒక్కటే మిగిలింది. ఐదోసారికి అదీ లేదు, పెదవులు మాత్రం ఆడించాను. అత్తగారు కళ్ళు మూసుకుని, ఒక్కొక్క మాటకూ తల ఊపుతూ వింటోంది.